ఉద్యాపన లేని నోము

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆ రోజు ఏ వారమో తెలుసుకోవడానికి క్యాలెండర్ అక్కర్లేదు, కంచంలోకి చూస్తే సరిపోయేది. టొమాటో పప్పయితే సోమవారం. క్యాబేజీ అయితే మంగళవారం. ఫ్రీజర్‌లోంచి తీసిన బీన్సూ, క్యారెట్టూ, బఠాణీలూ కలిపిన కూరయితే బుధవారం. శనివారం ఎవరో ఒక తెలుగువాళ్ళింట్లో భోజనాలు, అక్కడికి మా ఇంటి నుంచి వెళ్ళేది ఎప్పుడూ పులిహోరే. ఆదివారం సరుకులు, బట్టలు ఉతుక్కోవడం, నాన్న లాన్ కొయ్యడం. డెబ్బైల చివరి మాట ఇది. టెక్సస్‌లో ప్లేనోలో ఉండేవాళ్ళం. ఇప్పుడున్న పెద్ద పెద్ద ఆఫీసులూ, ఇండియన్ షాపులూ అప్పుడెక్కడివి! మా వీధి చివర ఇళ్ళు ఆగిపోయి పొలాలు మొదలయ్యేవి. ఆ వైపు మేమెప్పుడూ వెళ్ళలేదు. అటు మాకు పనేముంది?

నాన్న ఇంజనీరు. అమ్మ ఒక బీమా కంపెనీలో కంప్యూటర్ కార్డులకి కన్నాలు కొట్టే మిషన్ ముందు రోజంతా కూర్చునేది. సాయంత్రం ఇంటికొచ్చి, వండి, నాకు ముద్దలు కలిపి పెడుతూ కథ చెప్పేది. ఇంత గాడిదవయ్యావు, ఇంకా ముద్దలేమిటే అని నాన్న వెక్కిరించేవాడు గానీ, నాకు కావలసింది ముద్ద కాదు, కథ. అవి ఏ పుస్తకంలోనూ ఉండే కథలు కావు, అమ్మ అప్పటికప్పుడు అల్లేది. ఒక పెంకి మేక సముద్రం చూడాలని కట్టుతాడు తెంపుకుని బయల్దేరుతుంది. దారిలో పెరుగమ్మే ఆవిడతో తగువు పడుతుంది. రైలెక్కి పక్కవాడి టికెట్ నమిలేస్తుంది. పెళ్ళిపందిట్లో మామిడి తోరణాలన్నీ మేసేసి పెళ్ళికొడుకు చేత తిట్లు తింటుంది. చెబుతున్నంతసేపూ అమ్మ మొహం ఎంత వెలిగిపోయేదో! ఆ మేక కోసం నేను అసహ్యమైన బుధవారం కూర కూడా మారు మాట్లాడకుండా తినేసేదాన్ని.

ఒకరోజు మేక మూడుదార్ల కూడలికి చేరింది. ఎటు వెళ్ళాలో దానికి పాలుపోలేదు. రేపు చెబుతానంది అమ్మ. ఆ రేపు రాలేదు. మర్నాడడిగితే తలనొప్పంది. తర్వాత అడిగితే, "ఏమోనమ్మా, నా బుర్రలో ఏమీ లేదు, తిను," అంది. చలికాలం వెళ్ళిపోయింది, స్కూలుకి వేసవి సెలవులిచ్చారు, మేక మాత్రం ఆ కూడలిలోనే నిలబడి ఉంది. నాకు బెంగ పట్టుకుంది. మేక మీద బెంగ అనుకునేదాన్ని. నిజానికి అమ్మ మీద. అమ్మ ఏడవలేదు, కోప్పడలేదు. ఏం చెప్పినా ఊఁ అనేది, అంతే. మనిషి ఇంట్లోనే ఉండి ఎక్కడికో వెళ్ళిపోతోందనీ, ఒకరోజు పిలిచినా వెనక్కి రాదేమోననీ నాకు చెప్పలేనంత భయం వేసేది.

ఆ వేసవిలో మా అత్తయ్య వచ్చింది. నాన్నకి పెద్దక్క. మావయ్యకి చారు కాచుకోవడం నేర్పి, ఒక నాలుగు నెలలు తమ్ముడి దగ్గర ఉందామని గుంటూరు నుంచి వచ్చింది. ఆడపడుచు వస్తోందంటే అమ్మ ముందే హడలిపోయి ఇల్లంతా రెండుసార్లు కడిగింది. అత్తయ్య నోరు అలాంటిది మరి. వచ్చిన కొత్తలో ఏమీ అనలేదు, అన్నీ చూస్తూ ఊరుకుంది. రెండో టొమాటో పప్పు కంచంలోకి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆపింది. "ఒరేయ్, గానుగెద్దుకైనా పండక్కి కాస్త విడుపుంటుందిరా. మీ మొగుడూ పెళ్ళాలకి అదీ లేనట్టుందే!" అంది. నాన్న నవ్వేసి ఊరుకున్నాడు. అమ్మ నవ్వలేదు.

మర్నాడు అత్తయ్య నాకు జడ వేస్తుంటే గుండెల్లో ఉన్నదంతా చెప్పేశాను. అమ్మకి కథలైపోయాయన్నాను. "అయిపోవడానికి అవేమన్నా డబ్బాలో బియ్యమటే!" అని కసిరింది. కానీ చేతిలో జడ పాయలు అలాగే పట్టుకుని, మేక సంగతి మొదటి నుంచీ చెప్పించుకుంది.  కూడలి దాకా విన్నాక జడ బిగించి రిబ్బను కట్టింది.

ఆ శనివారం పొద్దున్న అత్తయ్య ఉన్నట్టుండి అమ్మ చేత ఒక నోము పట్టించాలంది. దాని పేరు కొత్తదారి నోముట. ఆదివారం ఆదివారం చెయ్యాలిట. తలంటు పోసుకుని, ఇంతకుముందు వెళ్ళని దారిన బయల్దేరాలి. వెళ్ళిన దారిన తిరిగి రాకూడదు. ఆ దారిలో దొరికిందేదో తెచ్చి, ఎప్పుడూ వండని విధంగా వండాలి. చేతిలో అక్షింతలు పట్టుకుని కథ చెప్పుకోవాలి, ముత్తయిదువకి వాయనమివ్వాలి. అమ్మ తెల్లబోయి, ఎప్పుడూ వినలేదే వదినా అంది. మీ వైపు లేదేమో, మా వైపుందంది అత్తయ్య. నేనూ వినలేదే అక్కయ్యా అన్నాడు నాన్న. "మగాడివి, నీకేం తెలుస్తాయిరా నోములు! నోర్మూసుకుని రేపు కారు తియ్యి," అంది. నోమన్నాక కాదంటే ఏ కీడు మూడుతుందో! అందులోనూ చెప్పింది ఆడపడుచు. అమ్మ సరేనంది.

ఆదివారం అమ్మ నేతచీర కట్టుకుంది. వీధి చివర నాన్న అలవాటు కొద్దీ కుడివైపు తిప్పబోతే, అత్తయ్య వెనక సీట్లోంచి ముందుకు వంగి భుజం మీద ఒక్కటిచ్చింది. ఎడమవైపు తిరిగాం. ఇళ్ళు అక్కడితో ఆగిపోయాయి, కాసేపటికి తారు పోయింది, మట్టిరోడ్డు మిగిలింది. దారి తప్పామని అందరికీ తెలుసు, నాన్న మాత్రం ఒప్పుకోడే! ఎండ మండిపోతోంది, ఇంటి దగ్గర లాన్ అలాగే ఉంది, నోమూ లేదూ గీమూ లేదూ అని సణుగుతూ తోలుతున్నాడు. దారి అడగరా అంటే అడగడు. ఈ సుగుణం మా వంశంలో మగవాళ్ళందరికీ ఉంది. చివరికి రోడ్డుకి అడ్డంగా ఒక కంచె వచ్చింది కాబట్టి ఆగాం. కంచె మీద చెక్క బోర్డు ఉంది. కూరగాయలు మీరే కోసుకోవచ్చని దానిమీద చేత్తో రాసి ఉంది.

గడ్డి టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ, అమ్మ, అత్తయ్యల చీరలకేసి వింతగా చూస్తూనే, తలా ఒక బకెట్ చేతికిచ్చి చేలోకి తోలింది. అమ్మ ముందు మొహమాటంగా గట్టునే నిలబడింది. తర్వాత ఒక బెండకాయ కోసి, కొన పట్టుకు విరిచింది. టక్కున విరిగింది. అమ్మ ఆ ముక్కనే చూస్తూ ఉండిపోయింది. ఇంకోటి విరిచింది. పక్క సాళ్ళలో ఊదారంగు తొక్కలతో పొడుగాటి కాయలు వేలాడుతున్నాయి. ఒకటి వలిచి చూసి, "వదినా! అలసందలు! పచ్చి అలసందలు వదినా!" అని చేటంత మొహం చేసుకుని అరిచింది. అమ్మ అలా గట్టిగా మాట్లాడి ఎన్ని నెలలైందో! చెప్పులు గట్టున వదిలేసి, కొంగు దోపుకుని, ఆ ఎండలో సాలు మీద సాలు కోసుకుంటూ పోయింది. నేను బకెట్ పట్టుకుని వెనకాల పరిగెత్తాను.

చేను పక్కన పెకాన్ చెట్టు నీడలో అందరం కూలబడ్డాం. అక్కడ అత్తయ్య సంచీలోంచి పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు, ఒక జాకెట్టు ముక్క తీసింది. వాయనానికి ముత్తయిదువ కావాలి కదా. ఆ చుట్టుపక్కల ఉన్న ఆడమనిషి పొలం ఆవిడ ఒక్కతే. ఆవిడకి మొగుడున్నాడో లేడో కనుక్కోమని నాన్నకి ఆజ్ఞ అయింది. పాపం నాన్న! టోపీ పెట్టుకున్న ఆ పెద్దావిడ ముందు చేతులు నలుపుకుంటూ, మీ ఆయన ఉన్నారాండీ అని ఇంగ్లీషులో ఎలా అడగాలో తెలియక నీళ్ళు నమిలాడు. అడిగాడు మొత్తానికి. ఆవిడ పకపకా నవ్వి, దూరంగా ట్రాక్టర్ మీద వస్తున్న ముసలాయన్ని చూపించింది. అత్తయ్య తృప్తిగా తలూపి ఆవిడని చెట్టు కింద ఉన్న కుర్చీలో కూర్చోబెట్టింది. అందరి చేతుల్లోనూ, ఆవిడ చేతిలో కూడా, చిటికెడేసి అక్షింతలు పెట్టింది.

అప్పుడు తాపీగా, "కథ నాకు గుర్తు లేదమ్మాయ్. నోము పట్టినవాళ్ళే చెప్పాలి. కథ లేకపోతే ఫలం దక్కదు," అంది.

అమ్మ మొహం పాలిపోయింది. "నాకేం కథలొచ్చు వదినా, నా వల్ల కాదు," అంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.  నా గుప్పిట్లో అక్షింతలు చెమటకి తడిసి అంటుకుపోతున్నాయి. అమ్మా చెప్పమ్మా అనాలని ఉంది, అంటే ఏమవుతుందోనని భయం. ఏ దేవుడు నోముల దేవుడో తెలియక అందరు దేవుళ్ళకీ ఒకేసారి దణ్ణం పెట్టేసుకున్నాను.

అమ్మ ఒళ్ళో ఉన్న అలసంద కాయ ఒకటి తీసి వలవసాగింది. తలెత్తకుండానే, "అనగనగా ఒక మేక," అంది.

"మూడుదార్ల కూడలిలో నిలబడిందిగా. నిలబడీ నిలబడీ దాని కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఈ దారిన వెళ్ళనా, ఆ దారిన వెళ్ళనా అని చూసీ చూసీ దానికి విసుగు పుట్టింది. ఇంతలో పక్క చేలోంచి పచ్చి అలసందల వాసనొచ్చింది. మీ దారి మీరు చూసుకోండని మూడు దార్లకీ చెప్పి, చేలో పడింది."

నేను ఏడ్చేశాను. సంతోషానికి కూడా ఏడుపొస్తుందని నాకప్పటివరకూ తెలియదు. అత్తయ్య నా తల మీద చెయ్యి వేసింది గానీ, ఆవిడ కళ్ళు అమ్మ మీదే ఉన్నాయి. కథ ఆగలేదు. మేక చేనంతా మేసింది, చేను యజమానురాలు కర్ర పుచ్చుకుని వెంటపడింది, ఆ యజమానురాలికి గడ్డి టోపీ ఉంది. అర్థంకాక మా మొహాలు చూస్తున్న పొలం ఆవిడకి నాన్న ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి లేచి నిలబడి చెప్పాడు, ఇంకాసేపటికి మేకలా అరిచి మరీ చెప్పాడు. లాన్ సంగతి ఆయనకి గుర్తే లేదు. కథయ్యాక అమ్మ వాయనమిస్తూ ఇస్తినమ్మ వాయనం అంటే, ఆవిడ చేత పుచ్చుకుంటినమ్మ వాయనం అనిపించడానికి అత్తయ్య చాలా కష్టపడింది. ఆవిడ అన్నదేమిటో ఆ దేవుడికే తెలియాలి. బదులుగా మాకో పుచ్చకాయ ఇచ్చింది. తలలో అక్షింతలతోనే, మేక తర్వాత ఎక్కడికెళ్ళిందని నాన్నని అడిగింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో అలసంద వడలు వేశారు. ఆదివారం పూట వడలా అని నేను ఆశ్చర్యపోతే అమ్మ నవ్వింది.

ఆ తర్వాత అంతా మారిపోయిందని చెప్పను. అమ్మ ఉద్యోగం అదే, మిషన్ అదే. సోమవారం టొమాటో పప్పు చాలాసార్లు అలాగే ఉండేది. కొత్తదారులన్నీ చేలకే వెళ్ళలేదు. ఒకసారి తిన్నగా ఊరి చెత్త పోసే చోటికి తీసుకెళ్ళాయి. ఇంకోసారి టైరు పంచరై వానలో నానబెట్టాయి. ఆ వారం మేక కూడా వానలో తడిసి జలుబు చేసి, చేదుకషాయం తాగింది. కథ మాత్రం మళ్ళీ ఆగలేదు. శనివారం భోజనాలకి పులిహోర బదులు అమ్మ గుత్తి బెండకాయ పట్టుకెళితే, పులిహోరేదండీ అని అందరూ గోల పెట్టారు. చేసుకోండి, మీకూ చేతులున్నాయిగా అంది అమ్మ. ఆ మాట అన్నది అమ్మేనా అని నాన్న నోరు తెరుచుకుని చూశాడు.

అత్తయ్య తిరిగి వెళ్ళే రోజున ఎయిర్‌పోర్టులో అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, నోముకి ఉద్యాపన ఎప్పుడు చేసుకోవాలి వదినా అని అడిగింది. ఏ నోముకైనా ముగింపుంటుంది కదా. అత్తయ్య కాస్త ఆలోచించి, "దీనికి ఉద్యాపన లేదమ్మాయ్. విసుగు పుట్టినప్పుడల్లా మళ్ళీ మొదటికొస్తుంది," అంది.

నాకు పెళ్ళయ్యాక ఒకసారి అమ్మని అడిగాను, ఆ నోము నిజంగా ఉందనుకున్నావా అని. "మా అమ్మ నోచని నోము లేదు, నాకు తెలీదటే? మీ అత్తయ్య నోరు తెరవగానే తెలిసింది," అంది. మరెందుకు చేశావంటే, నా కోసం ఇంత అబద్ధమాడే మనిషి మళ్ళీ దొరకొద్దూ అంది.

అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. క్రితం ఏడాది నాన్న కూడా పోయాడు. అమ్మని ప్లేనోకి దగ్గర్లోనే కాపెల్‌లో ఉన్న మా ఇంటికి తెచ్చుకున్నాను. కిటికీ పక్క కుర్చీ, మధ్యాహ్నం టీవీ, వేళకి మందులు. ఏం చెప్పినా మళ్ళీ ఊఁ అనడం మొదలుపెట్టింది. ఆ ఊఁ వినగానే ఈ వయసులో కూడా నాకు ఆ చిన్నప్పటి భయమే పట్టుకుంది. మొన్నో ఆదివారం తలంటు పోసి, చీర కట్టి, ఎక్కడికని చెప్పకుండా కార్లో కూర్చోబెట్టాను. వెనక సీట్లో నా మనవరాలు. గ్లవ్ బాక్సులోంచి అక్షింతల పొట్లం తీసి అమ్మ గుప్పిట్లో చిటికెడు పెట్టాను. ఆ పొట్లం నా కారులో ఎప్పుడూ ఉంటుంది. కార్లు మారాయి గానీ పొట్లం లేకుండా ఏ కారూ లేదు.

అమ్మ గుప్పిటకేసి చూసుకుంది.  వీధి చివరికొచ్చి నేను అలవాటు కొద్దీ కుడివైపు సిగ్నల్ వేశాను. భుజం మీద ఒక్కటి పడింది.

"అటు కాదే," అంది అమ్మ. వెనక్కి తిరిగి నా మనవరాలితో, "ఇంతకీ మేక ఇంకా సముద్రం చేరలేదు తెలుసా," అంది.