మూడో డబ్బా ముందు మనిషి

మేము పోస్టుకు చేరేసరికి మంచు కురుస్తోంది. ఎదురుగా సరిహద్దు కొండ. కింద లోయలో గడ్డకట్టిన వాగు. రాతి బంకర్లో కిరోసిన్ పొయ్యి, మూలన రేడియో. నాది స్టేషన్ ఘన్‌పూర్. రేడియో ఆపరేటర్‌ది మహబూబాబాద్ దగ్గరి తండా. గస్తీ నడిపే నాయక్‌ది చెల్పూర్. వయసులో పెద్దవాడు, మా ఇద్దరికీ అన్న. తక్కినవాళ్ళంతా ఉత్తరాదివాళ్ళు.

ఆ చలికాలం పరీక్ష కోసమని నాలుగు చిన్న కెమెరా డబ్బాలు పంపారు. అన్నే వాటిని వాగు వెంట వరుసగా బిగించాడు; నాలుగోది పోస్టుకు దగ్గరది. మామూలు కెమెరా చూసిందంతా అంకెలుగా మార్చి పంపుతుంది. బ్యాటరీ త్వరగా అయిపోతుంది. వీటిలోని చిప్ తన మీద పడిన వెలుగును అంకెల్లోకి మార్చకముందే కొలిచి, ఆకారం పోల్చుకుంటుంది. మనిషా, కాదా అన్న చివరి తీర్పు మాత్రమే అంకెల్లో ఉంటుంది. మనిషైతే ఆ డబ్బా నంబరుతో మా రేడియోలో ఒక్క కూత. బొమ్మ రాదు. చిన్న బ్యాటరీతో చలికాలమంతా నడుస్తుంది. నిలబడ్డవాణ్ణే గుర్తుపడుతుందని, పాకేవాణ్ణి వదిలేయవచ్చని ఇంజనీరు ముందే హెచ్చరించాడు.

ఒక మధ్యాహ్నం అన్న మరో జవానుతో పైగట్టు మీద గస్తీకి వెళ్ళాడు. పొగమంచు కమ్మింది. దూరంగా ఉరిమినట్టు చప్పుడు. ఆ తర్వాత వాళ్ళ రేడియో పలకలేదు. కాసేపటికి మూడో డబ్బా కూసింది.

గస్తీ దారి అటు కాదు; సరిహద్దు అవతలివాళ్ళు కావచ్చు. పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ నన్ను మెషిన్ గన్ దగ్గర కూర్చోబెట్టారు. వాగు మలుపు దాటి ఎవరొచ్చినా కాల్చాలి. మలుపు కనబడితే కదా! అంతా తెలుపు.

"మళ్ల మూడోదే కూసింది," అన్నాడు ఆపరేటర్.

"నాలుగోది?"

"సప్పుడు లేదు. మన మీదికొచ్చేటోడైతే దాని ముందలికెల్లే రావాలె గద. వీడెవడో ఆడనే లేస్తున్నడు, పడుతున్నడు. మనోడేమో!"

"పాక్కుంట వస్తుంటే? డబ్బ గుర్తువట్టదు గద."

మళ్ళీ కూత. మూడోదే.

సుబేదార్ సాబ్ గన్ దగ్గర వేరొకరిని ఉంచి, నన్నూ ఇంకో జవానునూ దిగి చూడమన్నారు. తాడు పట్టుకుని దిగాము. ముందు ఎవరున్నారో తెలియదు. వెనక మా గన్నే మమ్మల్ని చూస్తోంది.

మలుపు దాటాక కనిపించాడు. చెల్పూర్ అన్న. గట్టు మీది నుంచి మంచు విరుచుకుపడి ఇద్దరినీ వాగులోకి ఈడ్చుకొచ్చింది. ఆయన కాలు విరిగి పక్కకు తిరిగి ఉంది. తుపాకీ ఊతంగా లేచి, డబ్బా ముందు ఒంటికాలి మీద నిలబడి, చేతులు చాపి, పడిపోతున్నాడు. మళ్ళీ లేస్తున్నాడు.

"అన్నా!"

ఆయన ఇటు తిరగలేదు. దగ్గరికెళ్ళి పట్టుకుంటే నా కోటు గుంజాడు. "నన్నిడువుర్రి. వాడు మంచుల ఉన్నడు. వాన్ని తీయిండ్రి."

పారలతో తవ్వాము. జవాను దొరికేసరికి ఊపిరి లేదు.

డ్యూటీ ముగిసి ఇంటికి వచ్చాక చెల్పూర్ వెళ్ళాను. అన్నకు మోకాలి కింద కాలు లేదు. చాయ్ చేతికిచ్చి అడిగాడు.

"గా డబ్బ నన్ను మనిషే అన్నదా? ఆడ నాకేం సమజ్ కాలె. ఊకె లేసుకుంట ఉన్న."

"అన్నదన్నా. లేసినప్పుడల్ల అన్నది."

ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు.

ఇన్నేళ్ళయినా నన్ను వదలనిది ఒక్కటే. ఆ తెల్లటి వాగులో, అరచేయంత డబ్బాకు కనబడాలని చేతులు చాపి నిలబడ్డ ఆయన వీపు.