పొట్టేలు తెచ్చేదాకా

ముదిగుబ్బలో మా నల్లమ్మక్క నోట్లో పడి క్షేమంగా బయటపడినవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఆమె కూలి ముఠాను పొద్దున్నే చేలకు చేర్చే ఆటో నాది. కాస్త ఆలస్యమైతే చాలు, "ఏమప్పా ఓబిలేసూ, పెండ్లికొడుకు ముస్తాబు అయిందా?" అని వీధి వీధంతా వినేలా అంటుంది. నాకు ఒళ్లు మండుతుంది. అయినా మర్నాడు మళ్లీ ఆమె ఇంటి ముందే హారన్ కొడతాను.

ఆ ముఠాకు ఒక కట్టుబాటు ఉంది. కూలివాళ్ల మీద చెయ్యి చేసుకున్న రైతు చేనికి ఎవరూ పోరు. పక్క ఊరి ముఠా కూడా పోదు. ఆ రైతు తప్పు సరిచేసి, ఒక పొట్టేలు తోలుకొచ్చి ముఠాకు కూడు పెడితేనే వదిలేస్తారు. ఎర్రిస్వామి అనే రైతు ఒకసారి ఒక ముసలామెను చెంప మీద కొట్టి, "మీరు కాకపోతే మిషను" అని మీసం తిప్పాడు. మిషను దొరకలేదు గానీ వాన మాత్రం దొరికింది. పీకే మనిషి లేక ఆయన వేరుశనగ భూమిలోనే మొలకలెత్తింది. దెబ్బకు దయ్యం వదిలి, ముసలామె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పొట్టేలు కూర నేనూ తిన్నాను. అంత రుచి మళ్లీ తగల్లేదు.

అంత నోరున్న మనిషి ఒక్క పేరు దగ్గర మాత్రం మూగబోయేది. ఆ పేరు సారా, ఆమె తమ్ముడి పెండ్లాం. వదినా మరదళ్లు ఇద్దరూ పరదేశంలో ఒక పెద్ద పోలీసు అధికారి ఇంట్లో పనికి కుదిరారు. ఇంటికి ఫోన్ చేసుకుంటామని అడిగిన పాపానికి ఆ మహానుభావుడు నల్లమ్మక్కను మెట్ల మీంచి తోశాడు. చెయ్యి విరిగిన మనిషి పనికిరాదని విమానం ఎక్కించి పంపేశాడు. సారా పాస్‌పోర్టు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఫిర్యాదు చేద్దామంటే అక్కడ స్టేషనూ ఆయనదే, తీర్పూ ఆయనదే. సారా ఎప్పుడు ఇల్లు చేరుతుందో చెప్పే దిక్కు లేదు.

పోయినేడు ఈ సంగతి విని అనంతపురం నుంచి గౌతమి అనే లాయరమ్మ వచ్చింది. ఆ అధికారి ఏటా సెలవులకు ఇంకో దేశం పోతాడట. అక్కడ ఆయనకు మేడ ఉంది, బ్యాంకులో సొమ్ము ఉంది. లంచాలు మింగి మనుషులను హింసించే పరాయి అధికారులను తమ గడప తొక్కనివ్వకుండా, దాచుకున్న సొమ్ము ముట్టుకోనివ్వకుండా ఆంక్షలు పెట్టే చట్టం ఆ దేశానికి ఉందట. దానికి నల్లమ్మక్క సాక్ష్యం కావాలని అడిగింది.

"అంటే వాని చేనికి పోకూడదని కట్టడి చేస్తారు, అంతేనా పాపా?" అంది నల్లమ్మక్క.

"దాదాపు అంతేనక్కా."

"అదేదో ముందే చెప్పొచ్చు గదమ్మా! ఆంక్షలు ఆంక్షలని నా తల తింటివి."

సాక్ష్యం రోజు ఆమె ఇంట్లో ల్యాప్‌టాప్ పెట్టారు. తెర మీద ఆ దేశపు అధికారులు కూర్చున్నారు. నల్లమ్మక్క వంకరపోయిన చెయ్యి చూపిస్తూ జరిగిందంతా చెప్పింది. చివర్లో, ఇంకేమైనా చెప్పాలా అని వాళ్లు అడిగారు.

"సారాను ఇంటికి పంపల్ల. పంపి, పొట్టేలు తోలుకోని రావల్ల. అంతవరకూ వాన్ని రానీయొద్దండి."

గౌతమి పొట్టేలుతో సహా ఇంగ్లీషులో చెప్పింది. వాళ్లకు అర్థం కాలేదు. పాపం ఆ లాయరమ్మ తల మీద రెండు వేళ్లు పెట్టి కొమ్ములు చూపించాల్సి వచ్చింది. తెర మీది దొర నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగాడు.

"నవ్వేదేముండాది? కట్టుబాటు కట్టుబాటే గదా!" అంది నల్లమ్మక్క.

కొన్నాళ్లకు ఆంక్షలు పెట్టారని కబురొచ్చింది. ఆ రోజే నల్లమ్మక్క ఇంటి ముందు పొట్టేలును కట్టడానికి గూటం పాతింది! నేను ఊరుకుంటానా?

"అక్కా, పొట్టేలు విమానంలో వస్తుందా, ఓడలో వస్తుందా?"

"నీ ఆటోలోనే వస్తాది. బాడుగ ఇయ్యను పో."

ఎగతాళి చేశాను గానీ, సారా రాక ఆమెకు నిద్రపట్టడం లేదని నాకు తెలుసు. మేడా సొమ్మూ అందకుండా పోయేసరికి కొన్ని నెలల్లోనే ఆ అధికారికి ఊపిరాడలేదు. తప్పు సరిచేసుకున్నానని చూపించడానికి సారా చేతిలో పాస్‌పోర్టు పెట్టి పంపించాడు. బస్టాండు నుంచి ఆమెను నా ఆటోలోనే తీసుకొచ్చాను. వదినా మరదళ్లు ఆ గూటం దగ్గరే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, మళ్లీ ఏడ్చారు. ముఠా ఆడవాళ్లంతా వాళ్లతోపాటే. నేను ఆటో అద్దం తుడిచినట్టు నటిస్తూ కళ్లు తుడుచుకున్నాను.

అంతలో గౌతమి ఫోన్ చేసింది. ఆంక్షలు ఎత్తేయమని ఆ అధికారి అడుగుతున్నాడట. సాక్షిగా నల్లమ్మక్క ఏమంటుందో ఆ దేశం వాళ్లు తెలుసుకోవాలనుకుంటున్నారట.

నల్లమ్మక్క ముక్కు చీదుకుంది. "సారా వచ్చె గదా. మాటంటే మాటే. వదిలేయమను. పొట్టేలు నేనే కొంటాలే."

ఇక లెక్క తీరిపోయిందని నేను సంతోషంగా గూటం పీకబోయాను. సారా నల్లమ్మక్క చెయ్యి పట్టుకుంది.

"వదినా, నన్ను పంపిచ్చేటప్పుడు ఆ బీరువా తెరిసినాడు. ఇంగా రెండు పాస్‌పోర్టులు ఉండాయి దాంట్లో. ఎవురో నల్ల పిల్లోళ్లవి, నువ్వొచ్చినంక ఆ ఇంట్లో పనికి చేరినారు, ఏ దేశమో తెలీదు. నాకు అన్నం దాసిపెడ్తాండ్రి."

నల్లమ్మక్క ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"పాపా, నా మాట ఎనక్కి తీసుకుంటాండా. ఆ పిల్లోళ్లు వాళ్లమ్మ దగ్గరికి చేరేదాకా వాన్ని రానీయొద్దని చెప్పు."

తర్వాత గూటం మీదున్న నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఏమప్పా, నిన్నెవరు పీకమనిరి? గట్టిగా కొట్టు దాన్ని."