దేవుడి మీదికి నెట్టిన దెబ్బ

మొన్న పొద్దున ఇద్దరు పడుచు కుర్రాళ్లు మా ఇంటి ముందు బండి ఆపి, చెప్పులు విడిచి, ఎంతో మర్యాదగా లోపలికి వచ్చి కూర్చున్నారు. మా మేనమామ విగ్రహం పెడుతున్నారట. ఊళ్లో బస్సులు ఆగే చోట, నడుము దాకా, సిమెంటుతో. వాళ్లకు దొరికిన ఒకే ఒక ఫోటోలో ఆయన నరసింహుడి వేషంలో ఉన్నాడట. "సింహం మొఖం పెడితే మనిషెవరో ఎర్కకాదు గదా అమ్మమ్మా, ఉత్త మొఖం ఫోటో ఉంటే ఇయ్యి" అన్నాడు ఒకడు. రెండోవాడు కరపత్రం చేతికిచ్చాడు. మహానటుడు, దర్శకుడు, పల్లె నాటకానికి ప్రాణం పోసిన మహనీయుడు అని వేశారు. దగ్గరి చుట్టాన్ని కాబట్టి నేను కూడా నాలుగు మంచి మాటలు రాసివ్వాలట. చాయ్ పోసి, ఫోటో లేదని చెప్పి పంపించాను. ఫోటో ఉంది, ఇవ్వబుద్ధి కాలేదు. మంచి మాటలు రాద్దామని నిజంగానే కూర్చున్నాను. నాలుగు కాదు కదా, రెండు కూడా రాలేదు. వచ్చినవి ఇవి.

మామ మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. మాది పోచంపల్లికి దగ్గర్లోనే, సాలెవాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు. ఇంటింటికీ గుంట మగ్గం, పొద్దు పొడిస్తే వాడంతా మగ్గాల్లో నాడె ఆడే చప్పుడు. ఆ చప్పుడంటే మామకు చిన్నప్పటి నుంచీ పడదు. గుంటలో కాళ్లు పెట్టగానే నడుము పట్టేసేది, అన్నం కంచం ముందుకు వచ్చేసరికి వదిలేసేది. మీసాలు రాకముందే కోస్తా నుంచి వచ్చిన ఒక నాటకాల కంపెనీ వెంట పోయాడు. పోయినవాడు పోయినట్టే అనుకుని మా అమ్మ కొన్నేళ్లు ఏడ్చింది. తరవాత ఒకనాడు మధ్య పాపిట, మెడ చుట్టూ ఉత్తరీయం, చంకలో హార్మోనియం పెట్టెతో దిగాడు. మనిషితో పాటు భాష కూడా మారింది. "తిన్నవా తమ్మీ" అని అమ్మ అడిగితే "భోజనము అయినది అక్కా" అన్నాడు. అమ్మ మురిసిపోయి వాడంతా చెప్పుకొచ్చింది. మా నాన్న, మా బాపు మాత్రం మగ్గం మీది నుంచి తల ఎత్తకుండా "రెండు దినాలల్ల దిగుతది తియ్యి" అన్నాడు. భాష దిగింది కానీ మిగతాది దిగలేదు.

పని రాదని అనను. వచ్చు, బాగా వచ్చు. చదువురాని సాలె పిల్లలకు ప్రహ్లాద చరిత్ర మొత్తం నోటితో నేర్పించాడు. సాయంత్రం పని దిగగానే మా వసారాలో చేరేవాళ్లు. పద్యం తప్పితే పిక్కల మీద బెత్తంతో ఒక్కటి పడేది. మాట ఎక్కడ ఆపాలో, చెయ్యి ఎక్కడ ఎత్తాలో, ఎవరు ఎవరికి వీపు చూపకూడదో అన్నీ ఆయనే చెప్పాలి. ప్రహ్లాదుడి వేషం వేసే పిల్లవాడికి కన్నీళ్లు రాకపోతే ముందు తొడపాశం పెట్టి, తరవాత బెల్లం ముక్క పెట్టేవాడు. బాపు హిరణ్యకశిపుడు. మా బాపు గొంతు ఎట్లాంటిదంటే, దర్వాజ దగ్గర నిలబడి మామూలుగా పిలిస్తే వాడ చివర మా పెద్దవ్వ పలికేది. నరసింహుడి వేషం మాత్రం మామ ఎవరికీ ఇవ్వలేదు.

ఆ వేషం సంగతి కొంచెం చెప్పాలి. యాదగిరిగుట్ట స్వామి మా వైపు ఇంటి దేవుడు. నాటకంలో ఆయన వేషం వేసేవాడు ముందునాటి నుంచి ఉపవాసం ఉంటాడు, సింహం మొహానికి పూజ చేస్తాడు. నాటకం రాత్రంతా నడిచి, తెల్లవారే వేళకు స్తంభం పగులుతుంది. అప్పుడు వేషగాడి మీదికి స్వామి వస్తాడని, పట్టపగ్గాలుండవని నమ్మకం. అందుకే నడుముకు లావు తాడు కట్టి వెనక వరుసగా నలుగురు పట్టుకుంటారు. మా ఊళ్లో ఆ తాడు నూలుతో పేనింది బాపే. కోస్తా కంపెనీలో నేర్చినవాడు కదా, మామ ఈ దేవుడి రాకకు కూడా ఒక లెక్క పెట్టాడు. ఆయన మడమతో నేలను రెండుసార్లు తన్నితే తాడు మూరెడు వదలాలి. మళ్లీ తన్నితే ఇంకో మూరెడు. చూసేవాళ్లకు స్వామి తెంపుకుని వస్తున్నట్టే ఉండేది. వసారాలో నలుగురికీ ఇది నేర్పిస్తుంటే పక్కన నూలు కండెలు చుడుతూ నేను రోజూ చూసేదాన్ని.

నాటకానికి పేరు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లు పిలిచాయి. ఆ రోజుల్లో ఊళ్లో గజ్జె కట్టాలన్నా పోలీసు అమీన్ సాబు దగ్గర ఇజాజత్, అంటే అనుమతి, తీసుకోవాలి. అందరూ వారాల తరబడి తిరిగేవాళ్లు. మామ మాత్రం నాటకం మొదట్లోనే నిజాం సర్కారును పొగుడుతూ ఒక పద్యం, దొరను పొగుడుతూ ఇంకో పద్యం అల్లి పెట్టాడు. దొరను అభినవ నరసింహుడు అన్నాడు. వెట్టికి రాలేదని సాలెవాళ్లను తన గడి ముందు, ఆ కోటలాంటి ఇంటి ముందు, ఎండలో నిలబెట్టిన దొర అతను. నిలబడ్డవాళ్లలో ఇద్దరు ఆ నాటకంలో వేషగాళ్లు. అయినా మామ గొంతెత్తి పాడాడు. ఇజాజత్‌కు మళ్లీ తిరగాల్సిన పని రాలేదు. గడిలో నాటకం ఆడించారు. తీరా దొర శాలువా తెప్పించి కప్పింది మామకు కాదు, మా బాపుకు. "ఏం గొంతురా నీది, గడి గోడలు అదిరినయ్" అన్నాడట. ఇంటికి వచ్చేటప్పుడు బండిలో మామ ఆ శాలువాకు వీపు తిప్పి కూర్చున్నాడని అమ్మ చెప్పింది.

ఆ తరవాతి నాటకం మా ఊళ్లోనే. నాకప్పటికే పెళ్లయింది, కాపురానికి పోవలసిన ఏడు అది. అమ్మా నేనూ ఆడవాళ్లలో ముందు వరుసలో కూర్చున్నాం. బాపు పద్యాలకు జనం "ఇంకోపారి, ఇంకోపారి" అని అరిచారు. తూర్పు తెల్లబడింది. స్తంభం పగిలింది. మామ గర్జించాడు, మడమ తన్నాడు, తాడు వదిలారు. మళ్లీ తన్నాడు, మళ్లీ వదిలారు. అక్కడ ఆగాలి. ఆగలేదు. తన్నుతూనే ఉన్నాడు, వాళ్లు నేర్పినట్టే వదులుతూ పోయారు. బాపు పద్యం పూర్తికాకముందే వేషానికి తొడిగిన రేకు గోళ్ల చెయ్యి గొంతు మీద పడింది. ఒక్కసారి కాదు. బాపు కింద పడ్డాక కూడా కొట్టాడు. జనం లేచి నిలబడి దండాలు పెడుతున్నారు. మా అమ్మ కూడా పెడుతోంది. నెత్తురు మెడకు పూసిన పచ్చటి అర్దళం రంగు మీదుగా ఛాతీ మీదికి దిగాక గానీ అది నాటకం కాదని ఎవరికీ తెలియలేదు.

బాపు బతికాడు. గొంతు బతకలేదు. దవాఖానలో కట్టు కట్టి పంపాక మిగిలింది గాలి లాంటి మాట, అది కూడా దగ్గర కూర్చుంటేనే వినపడేది. మామ వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నా ఒంట్ల నేను లేనక్కా. స్వామి వచ్చిండు. ఏం జేసిండో నాకు ఎర్కనే లేదు" అన్నాడు. అమ్మ నమ్మింది. ఊరంతా నమ్మింది. నమ్మి ఊరుకుంటే బాగుండేది. స్వామి ఊరికే కొడతాడా, బాపు ఏదో మైలపడి వేషం కట్టి ఉంటాడన్నారు. గుట్టుగా కల్లు తాగి ఉంటాడన్నారు. గడిలో శాలువా కప్పుకున్నందుకు గర్వం వచ్చిందన్నారు. తాడు సంగతి నేను అమ్మకు చెప్పాను. మామ మడమ తన్నడం కళ్లారా చూశానన్నాను. చెంప పగిలేటట్టు కొట్టింది. "స్వామి జేసిన పనిని నా తమ్ముని మీద పెడ్తవా" అని అరిచి, తనే కూర్చుని ఏడ్చింది. చేసింది స్వామే అయితే ఆమెకు మొగుడూ ఉంటాడు, తమ్ముడూ ఉంటాడు. అందుకే ఆ మాటను పట్టుకుని వేలాడింది. నాకు ఇప్పుడు తెలుస్తుంది, అప్పుడు ఒళ్లు మండిపోయింది.

దెబ్బ తిన్నవాడినే క్షమాపణకు పంపించారు. అమ్మ బాపును గుట్టకు తీసుకుపోయి మండలం పాటు ఉంచింది. తడిబట్టలతో ప్రదక్షిణలు చేస్తూ, రాని గొంతుతో తప్పయింది స్వామీ అని చెప్పుకున్నాడు మా బాపు. ఏ తప్పో అడిగినవాడు లేడు. తిరిగొచ్చి మగ్గంలో కూర్చున్నాడు. ఇక్కడ మామకేమో పేరు పదింతలయింది. సాక్షాత్తూ స్వామి దిగే మనిషని పాలమూరు దాకా పిలిచారు. పిల్లలను ఆయన కాళ్ల మీద వేసేవాళ్లు. నా పిల్లలను నేను వేయలేదు.

ఆయన పడిపోవడం కూడా చూశాను, చూసి సంతోషపడ్డాను. దొరలకు ఎదురు తిరిగే సంగం వచ్చింది. వెట్టి చేసేది లేదన్నారు, గడి ముందు జనం నిలబడ్డారు, దొర పట్నానికి పారిపోయాడు. ఆ ఊపులో ఎవరికో అభినవ నరసింహుడి పద్యం గుర్తొచ్చింది. మామ నాటకానికి గజ్జె కడితే పేడముద్దలు పడ్డాయి. "నీ నర్సింహుడు పట్నం ఉరికిండు, నువ్వు గూడ ఉరుకు" అని కేకలేశారు. మామ ఇంటికి పోయి తలుపేసుకున్నాడు. అన్ని ఊళ్లు దండం పెట్టిన మనిషికి మగ్గం అప్పిచ్చేవాడు లేకపోయాడు. రోజూ అన్నం మా అమ్మే పంపేది. బాపు నేసిన కూలితో వండిన అన్నం అది.

నిజాం సర్కారు పోయింది. మూడు రంగుల జెండా ఎగిరింది. పట్టుమని రెండు నెలలు తిరగలేదు, మామ తలుపు తెరుచుకుంది. సర్కారు పద్యంలో పేర్లు మారాయి, దొర పద్యం స్థానంలో కొత్త నాయకుల పద్యం వచ్చింది, రాగం మాత్రం అదే. ఊరికి కూడా ఏళ్ల తరబడి భయంతో బతికి ఒక సంబురం కావలసి వచ్చింది. ప్రహ్లాద చరిత్ర మళ్లీ కట్టారు. అయితే పాత సంగతి మరవనివాళ్లు ఇంకా కొందరున్నారని మామకు తెలుసు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. నేను పురిటికి వచ్చి అక్కడే ఉన్నాను. "బావా, ఈసారి తాడు నువ్వు పట్టాలె. కొస పట్టుకుంటే చాలు, బరువు వాళ్లు చూసుకుంటరు. నువ్వొచ్చినవంటే ఊరికి ఇంకేం మాట ఉండదు" అన్నాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. బాపు తల ఊపాడు. నేను లేచి లోపలికి పోయాను.

మళ్లీ తెల్లవారింది. ఉగ్రంగా వచ్చిన స్వామిని చల్లబరచడానికి ఇంటి ఆడపడుచు పానకం పట్టాలి. అందుకని అమ్మ చెంబు పట్టుకుని పందిరి పక్కన, తాడు వెనకనే నిలబడింది. నా పసివాడిని పొదువుకుని ఆమె పక్కన నేను. స్తంభం పగిలింది. మామ మడమ తన్నాడు. నలుగురూ వదిలారు. తాడు కదలలేదు. మళ్లీ తన్నాడు. వరుస చివర బాపు, తాడు కొసను పందిరి గుంజకు రెండు చుట్లు తిప్పి, మగ్గంలో కూర్చున్నంత నిమ్మళంగా పట్టుకుని ఉన్నాడు. ముందే అనుకున్నాడో, అప్పటికప్పుడు తోచిందో ఎన్నడూ చెప్పలేదు. హిరణ్యకశిపుడి వేషం కట్టిన పిల్లవాడు ఛాతీ విరుచుకుని ఎదురుచూస్తున్నాడు. మద్దెల వాయించినదే వాయిస్తోంది. అప్పుడు సింహం మొహం వెనక్కి తిరిగింది. లోపలి నుంచి సన్నగా మాట వచ్చింది.

"బావా, జర ఇడువు. ఇజ్జత్ పోతది బావా."

మద్దెల చప్పుడులో జనానికి అది వినపడలేదు. మాకు వినపడింది. నేను అమ్మ వైపు చూశాను. ఆమె తమ్ముడిని చూడలేదు. మొగుడి మెడ మీది మచ్చలను చూస్తోంది, ఏళ్ల తరబడి రోజూ పక్కనే ఉన్నవాటిని ఆనాడే చూసినట్టు. రెండడుగులు వేసి, స్వామి కోసం కలిపిన పానకం చెంబును బాపు నోటికి పెట్టింది. బాపు తాడు వదలకుండానే తాగాడు. గొంతు పూడిన మనిషి కదా, మెల్లగా, గుటక గుటకకూ ఆగుతూ తాగాడు. అంతసేపూ దేవుడు తాడుకు నిలబడే ఉన్నాడు. తాగడం అయ్యాక బాపు చుట్లు విప్పాడు.

మామ ఒక్క దూకు దూకాడు. అంత ఉగ్రరూపం ఎన్నడూ చూడలేదని జనం ఊగిపోయారు, పాదాల మీద పడ్డారు. ఆయన మళ్లీ గెలిచాడు. నేను మాత్రం ఆ రేకు గోళ్లను చూశాను. అంత ఊపులోనూ పిల్లవాడి ఛాతీకి బెత్తెడు దూరంలో ఆగి, పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా దిగాయి. ఆగడం తెలిసిన చేతులే అవి. ఇంటి వాకిట్లోకి వచ్చాక అమ్మ నా చెంప మీద చెయ్యి పెట్టి, "స్వామికి మీ బాపు బావెట్లయితడే?" అంది. లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. ఆ పూట మామకు అన్నం పోలేదు, ఆ తరవాత కూడా పోలేదు.

మామకు ఇక మా అన్నంతో పనిలేదు. ఎన్నో ఊళ్లు తిరిగాడు, ఎందరికో నేర్పాడు, బిరుదులు పుచ్చుకున్నాడు, దండలతో పోయాడు. బాపు గాలి గొంతుతోనే, మగ్గం మీదే పోయాడు. అమ్మ పోయింది. తాడు పట్టిన నలుగురూ ఒకరి వెనక ఒకరు పోయారు. ఏళ్లు గడిచిన కొద్దీ మామ మంచివాడవుతూ వస్తున్నాడు. ఆయనేమీ మారలేదు, చూసినవాళ్లం తగ్గిపోతున్నాం.