పసుపు ఆరబోసే రోజుల్లో చిన్నమ్మ పూలు

ఆర్మూర్ మార్కెట్ యార్డుకు పోయే దారిలో, మేడ మీద మా అద్దె పోర్షన్. కిటికీ పక్కన, మైనం పూసినట్టు మెరిసే ఎర్ర పువ్వుల ఆంథూరియం కుండీ ఉంది. వారానికోసారి దాని ఆకులు తడిగుడ్డతో తుడుస్తాను. పసుపు బస్తాల లారీలు తిరిగే రోజుల్లో గుడ్డ పచ్చబడుతుంది. ఆ గుడ్డ పిండేటప్పుడు లేచే తడి పసుపు వాసనకు నాకు చిన్నమ్మ గది గుర్తొస్తుంది. వెంటనే మా కుటుంబం మీద పాత కోపమూ గుర్తొస్తుంది.

చిన్నమ్మ అంటే మా బాపు తమ్ముడి భార్య. పెళ్లయిన కొన్నాళ్లకే చిన్నాయన సిమెంటు పనికి దుబాయ్ పోయాడు, రెండేళ్లకోసారి వచ్చేవాడు. మా ఇంట్లో ఆమె తనవని చెప్పుకోగలిగినవి పూలకుండీలే. కుండీలంటే డాల్డా డబ్బాలు, పగిలిన బకెట్లు; వాటిలో గుండుమల్లె, నేలసంపెంగ, ముద్దమందారం. ఏడాదంతా వాకిట్లో గోడవారగా ఉండేవి. శివరాత్రికి అటూ ఇటూగా పసుపు తవ్వి, ఉడకబెట్టి, వాకిలంతా పరిచేసరికి వాటికి చోటుండేది కాదు. ఆరుతున్న పసుపు మీద నీళ్లు పడితే మచ్చ పడుతుంది, మార్కెట్లో దాని మొహం ఎవరూ చూడరు. అందుకే ఆ దరిదాపుల్లో ఎవరైనా చెంబుతో కనబడితే నాయనమ్మ ఒంటికాలి మీద లేచేది. బస్తాలకెత్తేదాకా పూలన్నిటికీ చిన్నమ్మ గదిలోనే కాపురం.

నాకు ఏడాదిలో అన్నిటికన్నా ఇష్టమైన రోజులవి. బయట ఉడుకుతున్న పసుపు ఆవిరి, కళ్లు మండించే పొగ, పచ్చటి అరికాళ్లతో చిర్రగోనె ఆడే పిల్లల కేకలు, హోలీకి అమ్మ పెనం మీద కాల్చే తియ్యటి పోలెల నెయ్యి వాసన. లోపలికి అడుగు పెడితే చల్లటి గచ్చు, తడిమట్టి, మల్లెమొగ్గలు. చిన్నమ్మ రోజూ కుండీలను కొద్దికొద్దిగా తిప్పేది, ఒక పక్కే వెలుతురు తాగి మొక్క వంగిపోకుండా. కిటికీకి దూరంగా ఉన్న వాటి కోసం పెళ్లినాటి బీరువా తలుపు ఓరగా తెరిచి, దాని అద్దంతో ఎండను మూలకు మళ్లించేది. ఆ ఎండ ముక్క జరిగినప్పుడల్లా తలుపు జరపడం నా పని. నీళ్లు పోయాలని నేను ఉరికితే, మొక్కకు దాహమైందో లేదో మట్టిలో వేలు గుచ్చి చూసి ఆపేది.

"దూపైతే అదే జెప్తది. నువ్వాగు."

ఒక ఏడు చిన్నాయన సరిగ్గా హోలీకి వస్తున్నాడని తెలిసింది. అంతకుముందు ఎప్పుడూ మల్లెల కాలంలో రాలేదు. చిన్నమ్మ ఆ ఏడు ఒక్క మొగ్గ కూడా తెంపనియ్యలేదు. పూలు చెట్టు మీదుండగా ఆయన చూడాలి, అంతే. ఆయన వచ్చిన సాయంత్రం గదంతా విచ్చుకుంది. ఆమె మొహం నేనెప్పుడూ అంత వెలుగుగా చూడలేదు.

తెల్లారి చిన్నాయన దగ్గుకుంటూ బయటికొచ్చి గడపలో కూలబడ్డాడు.

"పూల వాసనకు దమ్ము ఆడ్తలేదు. జర బయట పెట్టు," అన్నాడు చిన్నమ్మతో.

"పసుపు దుమ్ములనే పుట్టి పెరిగినోనివి, నీకు పూలు వడ్తలేవారా?" అని నాయనమ్మ నవ్వింది గానీ, వాకిట్లో జానెడు చోటియ్యలేదు. ఆ ఛాతీలోకి ఎన్నేళ్ల సిమెంటు పోయిందో ఎవరికీ తట్టలేదు. పసుపు ఉడికించే పొయ్యి పక్కన, పొగ తగిలే గోడకింద కుండీలు పెట్టారు. చిన్నమ్మ దోసిట్లో నీళ్లు తెస్తే నాయనమ్మ అరిచింది: "పసుపు ఖరాబైతది! లోపలికి వో!" చిన్నమ్మ వేళ్ల సందుల్లోంచి ఆ నీళ్లు గడపలోనే కారిపోయాయి.

పసుపు బస్తాలకెక్కేసరికి మల్లె పుల్లయింది. చిన్నాయన దగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు. గోడ అవతల నుంచి అందరం వింటూనే ఉన్నాం. తప్పు పూలది కాదని అందరికీ అర్థమైంది. కనీసం మిగిలిన మందారాన్నయినా లోపల పెట్టుకొమ్మని బాపు అనలేదు, నాయనమ్మ అనలేదు, అమ్మా అనలేదు. నా కోపం అదే.

మరుసటి సెలవుకు చిన్నాయన ప్లాస్టిక్ గులాబీలు తెచ్చి, తలొంచుకుని ఆమె చేతికిచ్చాడు. మంచి మనిషే, ఏం తేవాలో తెలియలేదు. చిన్నమ్మ వాటిని బీరువా మీద పెట్టి, వారం వారం తడిగుడ్డతో తుడిచేది. మళ్లీ ఒక్క మొక్క నాటలేదు. బీరువా తలుపు కూడా మామూలుగా మూసే ఉండేది.

ఇప్పుడా వాకిట్లో కిరాయి షట్టర్లు. పసుపు చేన్లలోనే తార్పాలిన్ల మీద ఆరుతోంది. చిన్నాయన ఎప్పుడో తిరిగొచ్చేశాడు, ఆవిరి మందు పీల్చకుండా మెట్లెక్కలేడు.

మొన్న ఆయన మందుల కోసం దవాఖానకు వచ్చి, చిన్నమ్మ మా ఇంటికొచ్చింది. చాయ్ తాగుతూ కిటికీ వైపు చూసింది.

"ప్లాస్టిక్‌దా బిడ్డా?"

"కాదు చిన్నమ్మా, నిజం పువ్వే."

లేచి వెళ్లి మట్టిలో వేలు గుచ్చి చూసింది. కుండీని కొద్దిగా తిప్పింది. వంగి పువ్వును వాసన చూసి, మళ్లీ చూసింది.

"వాసన లేదా దీనికి?"

"ఉండదు."

"మంచిదే," అంది చిన్నమ్మ. "గిట్లుంటే ఇంట్లనే ఉండనిస్తరు."