మౌన ప్రార్థన నిడివి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆబిడ్స్‌లో ఒక క్యాసెట్ల దుకాణంలో పనిచేసేవాణ్ణి. పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి సీడీలు చేసివ్వడం మా పని. ఏ ఫైలు ఎంతసేపు వస్తుందో చెప్పే చిన్న ప్రోగ్రాం నేనే రాశాను. సెకనుకు ఎంత డేటా అనేది ఫైలు మొదట్లో ఉంటుంది. దాన్ని చదివి, మొత్తం సైజును దాంతో భాగించేది, అంతే. ఆ మాత్రానికే తెగ మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు నాంపల్లి నుంచి ఒక రిటైరైన పాస్టరు గారు, ఆయన భార్య ఓ ఎంపీత్రీ ఫైలు తెచ్చారు. ఆయన ఏనాడో నడిపిన గుడ్ ఫ్రైడే ఆరాధన రికార్డింగు అది. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆయనకు గుసగుస తప్ప మాట రావడం లేదు. అయినా ఈసారి ఆరాధన ఆయనే నడపాలని సంఘం పట్టుబట్టిందట. సీడీలో ఆయన పాత గొంతు వినిపిస్తారు, ఆయన సంఘం ఎదుట నిలబడతారు. చర్చిలో ఉన్న ప్లేయర్‌లో మామూలు ఆడియో సీడీ తప్ప మరొకటి పాడదు. అందులో పట్టేది ఎనభై నిమిషాలు. మధ్యలో సీడీ మారిస్తే ఆయన పరువు పోతుందని ఆవిడ దిగులు.

నా ప్రోగ్రాం డెబ్బై ఎనిమిది అంది.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మగారూ, ఆరామ్‌గా పడ్తది" అని ఓనరు మాటిచ్చేశాడు. తీరా రాయబోతే సీడీలో చోటు చాలలేదు.

"ఏందిది? నీ లెక్క గిట్లనేనా?" అని వాళ్ళ ముందే అరిచాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ లెక్క నాదే కదా, ఫైలును మొదటి నుంచి చివరిదాకా ముక్క ముక్కగా చదివే కోడ్ రాశాను. ఎనభై మూడు నిమిషాలు తేలింది. ఆ ఫైలులో మాటలున్న చోట డేటా ఎక్కువ, నిశ్శబ్దం ఉన్న చోట తక్కువ. నడుమ నాలుగు నిమిషాల మౌన ప్రార్థన ఉంది. మొదట్లోని మాటల లెక్కనే ఫైలంతటికీ వాడిన నా ప్రోగ్రాంకు అదీ, మధ్యమధ్య ఆగిన చోట్లూ కనబడలేదు.

"అయితే ఇంకేంది? గా ఖాళీ కోసెయ్. ఎట్లాగూ ఏం వినవడ్తలేదు గద" అన్నాడు ఓనరు. నిజం చెప్పాలంటే నాకూ అదే సబబనిపించింది. మౌస్ మీద చెయ్యి వేశాను.

పాస్టరు గారు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. నేను వంగి చెవి పెట్టాను.

"మొదట్ల కమిటీ పెద్ద నన్ను పొగిడిండు గదా, గది కొయ్యి బాబూ."

"ఔ, గాయన పొగుడుడు ఒడుస్తనే లేకుండె. నాకైతే నిద్దరొచ్చింది" అని ఆవిడ నవ్వింది. చాలాసేపటికి ఆమె మొహం తేటపడింది, నాకూ ప్రాణం కుదుటపడింది.

ఆయన ఊపిరి కూడదీసుకుని మళ్ళీ నా చెవి దగ్గరికి వచ్చారు.

"మౌన ప్రార్థన మాత్రం ముట్టుకోకు. మాటలన్నీ సీడీ చెప్తది. గా నాలుగు నిమిషాలు ఒక్కటే నేను చేయించగలుగుత."