తాండూరు బండ మీద ముప్పై ఏళ్ల వాన

ఒక్క వాక్యాన్ని కాపాడుకుందామని నేను ఈ ఆగస్టులో తాండూరు వెళ్లాను. అంతర్జాతీయ వాతావరణ నివేదిక రాసే వందలమందిలో నేనూ ఒకదాన్ని. ఆ మాట చెబితే చుట్టాలు నేనేదో ప్రయోగశాలలో ఎండను కొలుస్తుంటాననుకుంటారు. నిజానికి మేం కొత్తగా ఏదీ కొలవం. ఇప్పటికే అచ్చయిన పరిశోధనలు చదివి, ఏ మాట ఎంత గట్టిగా చెప్పవచ్చో తూచి రాస్తాం. దీనికి జీతం లేదు. చిత్తుప్రతి బయటికి వెళ్లగానే ఎక్కడెక్కడి నిపుణులో తప్పులు పడతారు, ఎంత చిరాకు తెప్పించే వ్యాఖ్యకైనా రాతపూర్వకంగా జవాబు చెప్పుకోవాలి. చివర్లో దేశాల ప్రతినిధులు కూర్చుని సారాంశాన్ని వాక్యం వాక్యం చదివి ఒప్పుకోవాలి.

దక్కన్ మెట్ట పొలాల్లో తొలకరి అదను తప్పి కంది పూత దెబ్బతింటోందని నేను రాశాను. పక్కనే 'ఆధారం పరిమితం' అని కూడా నేనే రాశాను. ఒక సమీక్షకుడు వదల్లేదు. ఆధారం చూపండి, లేదా తీసేయండి అన్నాడు. అప్పుడు బాలయ్య బండ గుర్తొచ్చింది. కిందటేడు ఒక పెళ్లికి వెళ్లినప్పుడు చూశాను. తాండూరు దగ్గరి పల్లెలో బాలయ్య అనే రైతు, పశువుల కొట్టం ముందు నిలబెట్టిన నాపరాయి మీద, ముప్పై ఏళ్లుగా తొలివాన పడిన తేదీ, కంది పూతకొచ్చిన తేదీ మేకుతో గీస్తున్నాడు. ఆ రోజు ఫొటో తీయలేదు. మళ్లీ వచ్చి, కొలబద్ద పెట్టి, మంచి కెమెరాతో పద్ధతిగా తీద్దామనుకున్నాను. నా పద్ధతి పాడుగాను. ఆ తేదీలను ప్రభుత్వ వాన లెక్కలతో పోల్చి, గడువులోగా వ్యాసంగా అచ్చు వేయిస్తే నా వాక్యం నిలుస్తుంది. గడువు దాటితే ఎంత మంచి వ్యాసమైనా ఈ నివేదికకు పనికిరాదు, ఇంకో నివేదికకు ఏళ్లు పడుతుంది. వారం ముందే ఫోన్ చేశాను. ఆయన కూతురు సునీత ఎత్తి, ఫొటో కోసం వస్తున్నానంటే చాలా సంబరపడింది.

ఉదయం ఆరున్నరకు మెహదీపట్నంలో వికారాబాద్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ డబ్బు లేదు. వికారాబాద్ చేరేసరికి తొమ్మిది కావొచ్చింది. బస్టాండులో చాయ్ తాగి తాండూరు బస్సు పట్టుకున్నాను. ధారూరు దాటాక దారి పొడుగునా మోకాలెత్తు కంది తలలు వాల్చి ఉంది. మబ్బు పట్టింది కానీ చినుకు లేదు. తాండూరు పొలిమేరలో నాపరాళ్లు నునుపు చేసే పాలిషింగ్ యూనిట్ల తెల్లటి బురద రోడ్డు దాకా పారుతోంది. పల్లెకు వెళ్లి రావడానికి ఆటో రెండు వందలకు కుదిరింది.

"బాలయ్య ఇంటికా మేడం?" అన్నాడు ఆటో అతను. "మొన్న ఆయన బండను మా తమ్ముని ట్రాలీలనే ఇంటికి తెచ్చినం. పాలిష్ కొట్టినంక అద్దం లెక్క అయింది."

అది వేరే బండ కావాలని దారంతా మొక్కుకున్నాను.

వేరేది కాదు. కొట్టం ముందు అదే బండ, నున్నగా మెరుస్తోంది. ఒక్క గీత లేదు. పాలిషింగ్ యూనిట్‌లో కూలికి వెళ్లే సునీత తల ఎత్తలేకపోయింది.

"ఫొటోల మంచిగ గనవడాలని, మీదున్న పేడ, నాచు కడిగియ్యమని మా యూనిట్‌ల ఇచ్చిన మేడం. గా దినం నేను పనికి పోలే. ఆళ్లు మిషన్ మీద పెట్టిన్రు. మా కాడ బండ మీద గీత ఉంటె అది ఐబు, లోపం. దాన్ని పోగొట్టుడే పని."

కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"దాన్ని ఏమనకు బిడ్డా, నీకోసమే జేసింది," అన్నాడు బాలయ్య. "నాకు అన్ని యాదికున్నయి. చెప్త, రాసుకో. గీ సునీత పుట్టిన యేడు మిరుగు కార్తె మొదటి దినమే పడ్డది వాన. ఎద్దు సచ్చిన యేడు నెల ఆలిశం..."

రాసుకుంటూనే నిజం చెప్పాను. "జ్ఞాపకం మీద చెప్పిన తేదీలను మావాళ్లు తీసుకోరు బాలయ్య గారూ."

"మరి ఏం దీసుకుంటరు?"

"అప్పటికప్పుడు రాసిపెట్టినవి."

ఆయన బండ వైపు చూశాడు. "రాసిపెట్టిననే గద."

సునీత జొన్న రొట్టె, పప్పు పెట్టింది. నేను లేస్తుంటే ఆయన మేకు తీసుకుని బండ ముందు కూర్చున్నాడు. ఈ యేటి తొలివాన తేదీనైనా మళ్లీ గీద్దామని రెండు మూడుసార్లు నొక్కాడు. మేకు జారిపోయింది. "పడుత లేదు బిడ్డా," అని పక్కన పెట్టేశాడు.

మూడున్నర బస్సుకు తిరిగొచ్చాను. ప్రపంచం వేడెక్కుతోందన్న మాట బాలయ్య బండ లేకపోయినా నిలుస్తుంది, దానికి కొండంత ఆధారం ఉంది. ఈ పల్లెలో కందికి ఏమైందన్న మాటే నిలవదు. ఆ వారమే సమీక్షకుడికి జవాబు రాశాను: 'అంగీకరిస్తున్నాం, వాక్యం తొలగించాం.' నియమం తప్పని అనను, అది లేకపోతే మా నివేదికను ఎవరూ నమ్మరు. అయినా ఆ జవాబు పంపి చాలాసేపు ఏడ్చాను. బాలయ్య చెప్పిన ముప్పై ఏళ్ల వానలూ నా నోటుబుక్కులో ఉన్నాయి, ఎక్కడా చెల్లవు. ఇలాంటివి చూడడానికి వెళ్లేవాళ్లకు ఒకటే సలహా. కనబడిన రోజే ఫోన్‌తోనైనా ఫొటో తీసుకోండి. మళ్లీ వస్తామని ముందుగా కబురు మాత్రం పెట్టకండి.