ఏసీ నోట్లో అక్షింతలు

కొత్త ఏసీకి బొట్టు పెట్టినవాళ్ళను మీరు చూసి ఉంటారు. దానికి దిష్టి తీసినవాళ్ళనూ చూసి ఉంటారు. కానీ దాని నోట్లో దోసెడు అక్షింతలు పోసి, పిల్లనిచ్చిన మేనమామను నిలువెల్లా పసుపు ముద్ద చేసిన ఘనుడు ఉత్తరాంధ్ర మొత్తానికీ ఒక్కడే ఉన్నాడు. ఆయనే ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడు. ఇది చదివాక నా మీద మీకు గౌరవం ఏమాత్రం మిగలదని ముందే మనవి చేస్తున్నాను. మొదటినుంచీ లేనివాళ్ళకు ఏ నష్టమూ లేదు.

అప్పటికి నాకు పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. నా భార్య గౌరి సొంత మేనమామ కూతురే. పురిటికి గజపతినగరంలో పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. అయిదో నెలలో బిడ్డను తీసుకుని విజయనగరం రావాలి. ఆ అయిదో నెల వెతుక్కుని మరీ వచ్చి నడి వేసవిలో పడింది. మా డాబా ఇంటి సంగతి మీకు తెలీదు కదా. పడగ్గది మీద స్లాబు, స్లాబు మీద సూర్యుడు, మధ్యలో ఇంకేమీ లేదు. మధ్యాహ్నం ఆ గదిలో పెడితే అప్పడాలు నూనె లేకుండా వేగిపోయేవి.

ఒకరోజు మావ ఫోన్ చేశాడు. మావకు ఫోన్ అక్కర్లేదు, ఆయన గజపతినగరంలో మాట్లాడితే ఇక్కడికి అలాగే వినిపిస్తుంది. అయినా మర్యాద కోసం చేస్తాడు.

"ఒరే అల్లుడూ, నీ గది సంగతి నాకు తెల్దేటి? ఓ పూట తొంగున్నందుకు ఈపంతా పేలిపోయింది. సంటిపిల్లని అందులో ఎలా తొంగోబెడతార్రా?"

"ఏసీ పెట్టిస్తాను మావా."

"ఎట్టించు. పిల్లని నానే తెస్తాను. గది సల్లగా ఉన్నాదా, దింపేసి ఎల్తాను. నేదా, అదే కార్లో తల్లినీ పిల్లనీ ఎనక్కి తీసుకుపోతాను. మళ్ళీ వానలు పడ్డాకే సూద్దాం."

వానలు పడ్డాక అనే మాట నా గుండెల్లో రాయిలా పడింది. ఆదివారాలు బస్సెక్కి వెళ్ళి బిడ్డను చూసి వచ్చేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ అది నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసి గుక్కపట్టి ఏడ్చేది. ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిస్తే నా కూతురికి నేను చుట్టాన్ని అయిపోతానని నిజంగా భయం పట్టుకుంది. ఈ ఒక్క ముక్క మాత్రం నవ్వులాటకు చెప్పడం లేదు.

ఏసీ వచ్చింది. కానీ దాన్ని బిగించే మనిషి దొరకలేదు. ఆ ఎండల్లో మా ఊళ్ళో ఏసీ మెకానిక్కుకు ఉన్న గిరాకీ పెళ్ళికొడుకులకు కూడా లేదు. అందుకని అట్టపెట్టెలు రెండూ హాల్లో గోడవారగా అలాగే నిలబడ్డాయి. నేను మధ్యాహ్నాలు వాటి పక్కనే చాప వేసుకుని పడుకునేవాణ్ణి. పడుకుని, పెట్టెకు చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకునేవాణ్ణి. కాసేపటికి లోపల మంచు కదులుతున్నట్టు అనిపించేది. రామతీర్థం కొండ తెల్లగా అయిపోయేది. మా వీధి మీద పల్చటి పొగమంచు దిగేది. గౌరి శాలువా కప్పుకుని, బిడ్డను దుప్పట్లో చుట్టి, "బావా, కొంచెం తగ్గించవా, చలేస్తోంది" అని బతిమాలేది. నేను రాజులా రిమోట్ ఎత్తేవాణ్ణి. కళ్ళు తెరిస్తే చెమటకు చాప నా వీపుకు అంటుకుని పైకి లేచేది. అయినా మర్నాడు మళ్ళీ అక్కడే పడుకునేవాణ్ణి. విప్పని పెట్టె పక్కనే ఇంత హాయిగా ఉందంటే, అసలు యంత్రం మొదలైతే నేను ఏమైపోతానో అనుకునేవాణ్ణి.

చివరికి మెకానిక్ పైడిరాజు దొరికాడు. మాకు దూరపు బంధువు, వరసకు నన్ను బావ అంటాడు. గోడకు కన్నం వేశాడు. ఇల్లంతా ఎర్రటి దుమ్ము లేచింది. "కన్నం బయటికి కొంచెం వాలుగా ఉండాల బావా, నేకపోతే నీళ్ళు నీ మంచమ్మీదే పడతాయి" అన్నాడు. వెనక గోడకు ఇనప చట్రం బిగించి దాని మీద పెద్ద పెట్టె కూర్చోబెట్టాడు. లోపల గోడకు పొడుగు పెట్టె తగిలించాడు. రెంటినీ రాగి గొట్టాలతో కలిపి, గొట్టాల్లో గాలి లాగేసి, గ్యాసు వదిలి, స్టెబిలైజర్ తగిలించి, రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు.

"ట్రయల్ ఏద్దాం బావా."

అప్పుడే అమ్మ గడపలోకి వచ్చింది. "ఈయేళ మంగళారం. కొత్త మిషను మంగళారం మొదలెడతారేట్రా ఎవరైనా?"

"ఒక్క నిమిసం అత్తా. సూసి ఆపేస్తాను."

అమ్మను నేను కాదనగలను. అమ్మకు నచ్చజెప్పగలను కూడా. కానీ అప్పటికే నా తలలో ఒక కొత్త కల మొదలైంది. ఈ యంత్రం వదిలే మొట్టమొదటి చల్లగాలి నా కూతురికే తగలాలి. అంతకు ముందు ఇంకెవరి వంటికీ తగలకూడదు, పైడిరాజు వంటికి అసలే తగలకూడదు. చిన్న పిల్లకు తొలి కానుకగా కొండగాలి ఇచ్చిన తండ్రిగా నా పేరు నిలిచిపోవాలి.

"వద్దు పైడిరాజూ. గురువారం పిల్ల వచ్చాకే మొదలుపెడదాం."

"ట్రయల్ సూడకుండా ఎల్లిపోతే రేపు ఏటైనా అయితే నన్నే అంటావు."

"ఒక్క మాట కూడా అనను."

"సరే ఇను. ఆన్ చెయ్యగానే ముందు ఈ మూత తెరుసుకుంటాది. గాలి యెంటనే రాదు, కాసేపు పడతాది. కంగారుపడి ఏటీ కెలక్కు. ఇంటన్నావా?"

"వింటున్నాను" అన్నాను. వినలేదు. ఆ సమయంలో నేను మంచుకొండల్లో ఉన్నాను, అక్కడికి పైడిరాజు మాట అందలేదు.

గురువారం పొద్దున్నుంచే ఇంట్లో హడావిడి మొదలైంది. అమ్మ ఏసీకి రెండు చివర్లా పసుపు రాసి, కరెంటు ఆదా ఎంతో చెప్పే చీటీ మీది నక్షత్రాలకు ఒక్కొక్కదానికీ కుంకుమ బొట్టు పెట్టింది. మామిడాకుల తోరణం కట్టింది. బంతిపూల దండ వేసింది. బయటి పెట్టెకు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీసింది. ఇంతవరకూ మన ఇళ్ళలో జరిగేదే. ఇక్కడితో ఆపి ఉంటే నేను ఇవాళ మీ ముందు తలెత్తుకునే ఉండేవాణ్ణి. కానీ ఏ శుభకార్యమైనా అక్షింతలు లేకుండా పూర్తికాదని నాకు తోచింది. ఈ ఆలోచన పూర్తిగా నాది. అమ్మకు ఇందులో ఏ పాపమూ తెలీదు. గింజకు పసుపు అంటుకునేలా బియ్యంలో కాస్త నెయ్యి వెయ్యాలని అమ్మ కేకేసి చెప్పింది కూడా. నేను నెయ్యి సంగతి మరిచి, పసుపు డబ్బా మొత్తం బోర్లించాను. ఎంత పసుపుంటే అంత శుభం కదా అనుకున్నాను.

కారు వచ్చింది. మావ దిగాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజం మీద తెల్ల కండువా. వెనక అత్త. ఆ వెనక గౌరి, గౌరి భుజం మీద ఏడుస్తూ నా కూతురు. గజపతినగరంలో కారెక్కింది మొదలు ఏడుస్తూనే ఉందట.

మావ డ్రైవరుతో, "బండి తిప్పి ఎట్టు. ఇంజిను ఆర్పకు" అన్నాడు.

అందరం గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాం. లోపల కుంపటిలా ఉంది. బిడ్డ ఏడుపు ఇంకో మెట్టు పైకెక్కింది.

"బావా, తొరగా వెయ్యి. పిల్ల ఉడికిపోతన్నాది" అంది గౌరి.

అందరి చేతుల్లో తలా నాలుగు అక్షింతలు పెట్టి నేను స్టూలెక్కాను. ఒక చేతిలో అక్షింతల పళ్ళెం, ఒక చేతిలో రిమోట్. గాలి వేగం అన్నిటికంటే ఎక్కువలో పెట్టాను. కొండగాలి అంటే మాటలా మరి. మీట నొక్కాను. కూ అని ఒక శబ్దం వచ్చింది. ఏసీ మూత మెల్లగా, నిద్దట్లో ఆవలించినట్టు తెరుచుకుంది.

తెరుచుకుని, ఊరుకుంది.

మావ వచ్చి సరిగ్గా దాని కింద నిలబడి మొహం పైకెత్తాడు. "ఏదిరా గాలి?"

"వస్తుంది మావా."

"ఎప్పుడు? వానలు పడ్డాకా?"

వీధిలో కారు ఇంజిను గుర్రుమంటోంది. బిడ్డ ఏడుస్తోంది. అందరూ నన్నే చూస్తున్నారు. యంత్రం నోరు తెరిచి నా మొహానికి ఎదురుగా ఎదురుచూస్తోంది. దేనికోసం ఎదురుచూస్తోందో ఆ క్షణాన నాకు ఒక్కడికే అర్థమైంది. దీవెన కోసం!

"అక్షింతలు వెయ్యండి!" అని అరిచాను. కింద ఉన్నవాళ్ళు పద్ధతిగా తలా నాలుగు గింజలు గోడకు విసిరారు. నేను మాత్రం దగ్గరే ఉన్నాను కాబట్టి, రిమోట్ జేబులో వేసి, పళ్ళెం ఏసీ మీద ఆనించి, అందులో ఉన్నదంతా దోసిట్లోకి తీసుకుని, చంటిపిల్లకు గోరుముద్ద పెట్టినంత ప్రేమగా, ఏసీ నోట్లో పోసేశాను.

అప్పుడు వచ్చింది గాలి.

ముందు టరటరమని ఒక చప్పుడు. తర్వాత గదంతా పసుపు. ఎంత భయంకరమైన సంగతైనా దూరం నుంచి తలుచుకుంటే ఎంత అందంగా ఉంటుందో చూడండి. నేను కలగన్న మంచే కురిసింది, కాకపోతే పసుపు రంగులో. కిటికీ సందులోంచి పడే ఎండలో ఆ పొడి మెల్లగా తిరుగుతూ దిగింది. బంతిపూల రేకలు విడిపోయి దానితోపాటు తేలాయి. బియ్యపు గింజలు గోడలకు తగిలి, మంచానికి తగిలి, చిన్నగా మోగాయి. నేను స్టూలు మీద, ఖాళీ చేతులతో, అది చూస్తూ ఉండిపోయాను.

పొగ విడిపోయాక మధ్యలో మావ కనిపించాడు. జుట్టు పసుపు, మీసం పసుపు, చొక్కా పంచె కండువా అన్నీ పసుపు. మొహం పైకెత్తి నోరు తెరుచుకుని ఉన్నాడు కాబట్టి నోట్లో కూడా అక్షింతలు. వాటిని నెమ్మదిగా బయటికి ఊసి, గుండెల నిండా గాలి పీల్చి, గజపతినగరం దాకా వినబడేలా అరవడానికి సిద్ధమయ్యాడు.

"ష్!" అంది గౌరి.

అందరం అటు తిరిగాం. బిడ్డ ఏడవడం లేదు. నుదుటి మీద ఒక పసుపు గింజ, చెంప మీద ఒక బంతి రేక. నోరు కొంచెం తెరుచుకుని హాయిగా నిద్రపోయింది. గదిలోకి అప్పటికి చల్లదనం వచ్చింది.

మావ పీల్చిన గాలి లోపలే ఉండిపోయింది. ఆయన జీవితంలో మొదటిసారి గుసగుసగా తిట్టడం మొదలుపెట్టాడు.

"ఒరే... నీకు బుద్దున్నాదేట్రా?"

"మెల్లగా మావా."

"మెల్లగానే తిడతన్నాను కదేట్రా ఎదవా!"

అమ్మ గుసగుసగా, "తమ్ముడా, పసుపు సుభమేరా" అంది.

"నువ్వూరుకో అప్పా. నానేటి పెళ్ళికొడుకునా?"

అత్త ఆయన్ని కిందినుంచి పైదాకా తీరిగ్గా చూసింది. "మన పెళ్ళికి కూడా ఇంత పసుపు రాయనేదు నీకు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిల్ల నిద్దర్లోంచి నెగ్గానే ఎల్లిపోదాం" అన్నాడు మావ నా వైపు వేలు చూపించి. "ఈడింట్లో ఒక్క గడియ ఉండను. అది నెగిసేదాకా ఇలా కూకుంటాను, అంతే."

కూర్చున్నాడు. చల్లగాలి వచ్చి ఆయన పసుపు మీసాన్ని కదిపింది. కూర్చున్నవాడు గోడకు ఆనుకున్నాడు. ఆనుకున్నవాడు కండువా తల కింద పెట్టుకున్నాడు. అత్త, "నడుం వాలిస్తాను" అని పక్కన వాలింది. అమ్మ కాళ్ళు చాపుకుంది. గౌరి బిడ్డ పక్కన ఒదిగింది. ఇంతలో డ్రైవరు తలుపు తీసి, "బాబూ, ఎనక్కి ఎల్తామా?" అని అడగబోయి, ఆ చల్లదనం మొహానికి తగిలేసరికి మాట మరిచిపోయి, గడప దగ్గర ఒక్క నిమిషం కూర్చుంటానని కూర్చుని నిద్రపోయాడు. గది నిండా పసుపు మనుషులు, మెల్లగా తిరుగుతున్న గాలి, ఎక్కడో యంత్రం లోపల టిక్కు టిక్కుమని గింజ చప్పుడు. ఎవరి కలలోకో నేను పొరపాటున వచ్చినట్టనిపించింది. స్టూలు దిగి, కాలు పెట్టడానికి చోటు లేక గుమ్మంలో నిలబడ్డాను.

మావ కళ్ళు తెరవకుండానే, "తలుపెయ్యి. సల్లదనం పోతాది" అన్నాడు.

తలుపు బయటినుంచి వేశాను. వీధిలోకి వెళ్ళి కారు ఇంజిను ఆపి, వరండాలో కూర్చుని, అట్టపెట్టె ముక్కతో విసురుకున్నాను.

ఎండ వాలాక మావ బయటికి వచ్చాడు. "బయల్దేరుతున్నారా మావా?" అన్నాను.

"ఎక్కడికి?"

"గజపతినగరం."

మావ వెనక్కి తిరిగి గదిలోకి చూశాడు. బిడ్డ ఇంకా నిద్రపోతోంది. మీసానికి అంటుకున్న గింజ ఒకటి తీసి పారేసి, తీరిగ్గా ఒళ్ళు విరుచుకుని, "ఇప్పుడేటి? వానలు పడ్డాక సూద్దాం" అన్నాడు.

అన్నమాట ప్రకారం వానలు పడేదాకా ఉన్నాడు. అత్తా ఉంది. ఆ వేసవంతా గదిలో వాళ్ళందరూ, వరండాలో నేనూ. రోజూ పొద్దున్నే గౌరి బిడ్డను తెచ్చి నా పొట్ట మీద కూర్చోబెట్టేది. కొన్నాళ్ళకు అది నన్ను చూసి ఏడవడం మానేసింది. ఒకరోజు నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో పది వేసవులు వరండాలో పడుకోమన్నా పడుకుంటాను.

పైడిరాజు రెండుసార్లు విప్పి శుభ్రం చేశాడు. అయినా ఇప్పటికీ ఏటా ఎండలు మొదలై ఏసీ వెయ్యగానే టిక్కుమని ఒక పసుపు గింజ రాలుతుంది. బడికెళ్ళే వయసొచ్చిన నా కూతురు దాన్ని ఏరి తల మీద పెట్టుకుని, "నానా, ఏసీ దీవించింది" అంటుంది.

అందుచేత పాఠకులందరి సాక్షిగా, ఏసీ రిమోట్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ యంత్రం నోరు తెరిచినా నేను దాన్ని దీవించను. అది మిక్సీ కానీ, వాషింగ్ మిషన్ కానీ, ఎంత ఆశగా చూసినా సరే, ఒక్క గింజ వెయ్యను. ఈ ప్రమాణం వరండాలో నిలబడి చేస్తున్నాను. ఈ ఏటి ఎండలకూ మావ వచ్చేశాడు, లోపల పడుకున్నాడు.